కారు ఏసీలో ‘గ్యాస్ అయిపోయింది’ అనే ముందు

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కారు ఆగుతుంది. అప్పటిదాకా చల్లగా వస్తున్న గాలి రెండు నిమిషాల్లో గోరువెచ్చనవుతుంది. పచ్చ లైటు పడి, బండి బేగంపేట ఫ్లైఓవర్ మీద కాస్త వేగం అందుకోగానే మళ్లీ చల్లదనం. ఏప్రిల్ వచ్చిందంటే నగరంలో ఏ ఏసీ షెడ్డులోనైనా వినిపించే ఫిర్యాదే ఇది. అక్కడ దొరికే జవాబూ చాలాసార్లు ఒకటే: “గ్యాస్ అయిపోయింది, పట్టించాలి.”

ఈ లక్షణాన్ని బట్టి ముందు అనుమానించాల్సింది గ్యాస్‌ని కాదు, ఫ్యాన్‌ని. బండి నిలబడ్డప్పుడు రేడియేటర్ ముందుండి గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కి గాలి అందించేది ఫ్యాన్ ఒక్కటే. అది తిరగకపోయినా, పూర్తి వేగం అందుకోకపోయినా కండెన్సర్‌లోని వేడి బయటికి పోదు. హైసైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి వెళ్లే వైపు) ఒత్తిడి పెరిగి పెరిగి చివరికి ప్రెషర్ స్విచ్, గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్‌ని ఆపేస్తుంది. బండి కదిలితే ఫ్యాన్ చేయాల్సిన పని ఎదురుగాలి చేసిపెడుతుంది. ఇలాంటి బండికి ఇంకో వంద గ్రాముల గ్యాస్ ఎక్కించారంటే ఒత్తిడి మరింత పెరుగుతుంది, రోగం ముదురుతుంది.

ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు, వాడేకొద్దీ తరిగిపోవడానికి. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ద్రవమై, ఆవిరై, మళ్లీ ద్రవమై తిరుగుతూ ఉంటుంది. రబ్బరు హోస్‌ల గుండా, కంప్రెసర్ షాఫ్ట్ సీలు గుండా ఏడాదికి కొన్ని గ్రాములు జారిపోవడం మామూలే. అయిదారేళ్ల బండిలో కొంత తగ్గిందంటే నమ్మొచ్చు. పోయిన వేసవిలో పట్టించిన గ్యాస్ ఈ వేసవికి లేదంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే. దాన్ని పట్టుకోకుండా మళ్లీ గ్యాస్ పట్టడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఎప్పుడు చల్లబడటం లేదు?

అనుభవమున్న మెకానిక్ బానెట్ ఎత్తకముందు అడిగే ప్రశ్న ఇది. “చల్లగా రావట్లేదు” అంటే ఏమీ తెలియదు. ఎప్పుడు రావట్లేదో చెబితే అనుమానం రెండు మూడు భాగాలకు కుదించుకుపోతుంది.

ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు బాగుండి, ఆ తర్వాత గాలి విసురు సన్నబడుతూ పోయి, బ్లోయర్ మోత మాత్రం అలాగే ఉంటే డాష్‌బోర్డ్ లోపల గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టిందని అర్థం. ఏసీ బటన్ ఆపి బ్లోయర్ ఒక్కటే పది నిమిషాలు తిప్పి చూడాలి. మంచు కరిగి గాలి తిరిగి వస్తుంది, బండి కింద ఒక్కసారిగా నీళ్లు కారతాయి. కాయిల్‌కి గుచ్చి ఉండే థర్మిస్టర్ (ఉష్ణోగ్రత సెన్సర్) పని, చల్లదనం సున్నా డిగ్రీల దగ్గరికి రాగానే కంప్రెసర్‌ని ఆపించడం. అది పాడైనా, కాయిల్ రెక్కల్లోంచి జారి వేలాడుతున్నా మంచు కడుతుంది. మూసుకుపోయిన క్యాబిన్ ఫిల్టర్ వల్లా ఇదే జరుగుతుంది, గాలి తగలని కాయిల్ గడ్డకట్టక ఏం చేస్తుంది!

మొదటి అరగంట బాగా పనిచేసి, ఇంజిన్ బే వేడెక్కాక ఆగిపోయి, బండి చల్లారాక మళ్లీ మొదలైతే కంప్రెసర్‌ని పుల్లీకి కలిపి, విడదీసే క్లచ్‌ని చూడాలి. ఏళ్ల తరబడి పడుతూ లేస్తూ క్లచ్ ప్లేటు అరిగి, పుల్లీకీ దానికీ మధ్య సందు పెరుగుతుంది. ఉండాల్సింది దాదాపు 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్లు. క్లచ్‌లోని విద్యుత్ కాయిల్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, అయస్కాంత బలం తగ్గుతుంది, ఎక్కువైన సందును దాటి ప్లేటును లాక్కోలేదు. ఫీలర్ గేజ్‌తో సందు కొలిచి, లోపలున్న సన్నని షిమ్ (ఉంగరం లాంటి రేకు) ఒకటి తీసేస్తే చాలా బండ్లలో సమస్య తీరిపోతుంది. దీనికి కంప్రెసర్ మొత్తం మార్పించుకున్నవాళ్లు ఊళ్లో తక్కువేమీ లేరు. సందు సరిగానే ఉంటే క్లచ్ కాయిల్ నిరోధం చూడాలి: సాధారణంగా 3 నుంచి 5 ఓమ్‌లు. క్లచ్ దగ్గరికి వచ్చే వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీకంటే అర వోల్టుకు మించి తక్కువగా ఉంటే తప్పు వైర్‌దో, ఎర్త్‌దో, రిలేదో.

బ్లోయర్ నాలుగో నంబరులో మాత్రమే తిరిగితే, దాని వేగం తగ్గించే రెసిస్టర్ పోయింది. దీని మీద ఎక్కువ ఆలోచించక్కర్లేదు. అయితే కొత్త రెసిస్టర్ కొద్ది నెలల్లోనే మళ్లీ మాడిపోతే అసలు దోషి బ్లోయర్ మోటారు. బుష్‌లు బిగుసుకుపోయి కరెంటు ఎక్కువ లాగుతోందన్నమాట.

లోపం కానిదాన్ని లోపమనుకోవడమూ ఉంది. హైదరాబాద్‌లో మే నెలలో బాగున్న ఏసీ విజయవాడ వెళ్లేసరికి నీరసపడిందని కొందరు కంగారు పడతారు. మన ఎండ పొడి ఎండ, అక్కడిది ఉక్క. లీటరు నీటిని గాలిలోంచి పట్టి దించాలంటే కూలింగ్ కాయిల్ దాదాపు 2,450 కిలోజౌళ్ల వేడిని లాగాలి. గంటకు లీటరు నీళ్లు కింద కారుతున్నాయంటే సుమారు 680 వాట్ల శక్తి గాలిని చల్లబరచడానికి కాక ఆ నీటికే ఖర్చవుతోంది. రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పే బటన్) పెట్టుకుంటే బయటి తేమ లోపలికి రావడం తగ్గి తేడా వెంటనే తెలుస్తుంది.

షెడ్డుకు వెళ్లే ముందు

గ్లోవ్‌బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది. చాలా కార్లలో స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. కోకాపేట, నార్సింగి వైపు కట్టడాల దుమ్ములో రోజూ తిరిగే బండికి కంపెనీ మాన్యువల్లో రాసిన కిలోమీటర్లు వర్తించవు. ఆరు నెలలకోసారి తీసి చూడాలి, బూడిద రంగు దుప్పటిలా కనిపిస్తే మార్చాలి. కడిగి వాడితే కాగితం మడతలు అతుక్కుపోతాయి.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయాలి. క్లచ్ ఉన్న కంప్రెసర్ ‘టక్’మని పడుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజ్ చూసి, అదే నంబరున్న హారన్ రిలేని ఫ్యాన్ రిలే స్థానంలో పెట్టి చూడొచ్చు. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. ఫ్యాన్ తిరుగుతున్నా నిశ్చింత పడొద్దు. రెండు వేగాల ఫ్యాన్లలో తక్కువ వేగం పనిచేస్తూ ఎక్కువ వేగం పోయే సందర్భాలున్నాయి. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో మాత్రమే ఏడిపించే బండ్లలో ఇది తరచూ బయటపడుతుంది.

డాష్‌బోర్డ్ వైపు వెళ్లే లావు పైపు చేతికి చల్లగా, చెమర్చినట్టు తగలాలి. సన్న పైపు వెచ్చగా ఉండాలి. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్లే పైపును మాత్రం ముట్టుకోకూడదు, చెయ్యి చుర్రుమంటుంది.

ఇక థర్మామీటర్. వంటింట్లో వాడే పుల్ల థర్మామీటర్ చాలు. నీడలో బండి నిలిపి, రీసర్క్యులేషన్ పెట్టి, బ్లోయర్ గరిష్ఠంలో, ఇంజిన్‌ని 1,500 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు ఉంచి మధ్య వెంట్‌లో పుల్ల పెట్టాలి. బయట 35 డిగ్రీలున్నప్పుడు 6 నుంచి 10 డిగ్రీలు వస్తే ఆరోగ్యమైన ఏసీ. 40 డిగ్రీల ఎండలో ఇంకో రెండు డిగ్రీలు పెరిగినా తప్పుపట్టలేం. ఈ అంకె, ఆ రోజు ఎండ ఎంతో రాసిపెట్టుకుంటే వచ్చే ఏడాది పోల్చుకోవడానికి పనికొస్తుంది.

గేజ్ ముల్లు చెప్పేది, చెప్పనిది

గొట్టాల్లోని ఒత్తిడి చూపే రెండు గేజ్‌లు తగిలించగానే, ఇంజిన్ ఆపి ఉండగా కనిపించే ఒత్తిడిని చూసి “గ్యాస్ ఫుల్లుగా ఉంది” అనడం ఒక అలవాటు. అది తప్పు. గొట్టాల్లో కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకూ ఆగి ఉన్న ఒత్తిడి ఆనాటి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుందే తప్ప పరిమాణాన్ని బట్టి కాదు. ఆర్-134ఏ రకం గ్యాస్ అయితే 30 డిగ్రీల దగ్గర దాదాపు 97 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలమానం), 35 దగ్గర 114, 40 దగ్గర 133. లోపల 450 గ్రాములున్నా, 200 గ్రాములున్నా ముల్లు అక్కడే నిలబడుతుంది. బండి పూర్తిగా చల్లారి ఉండగా ఈ అంకెలకంటే బాగా ఎక్కువ చూపిస్తే లోపల గాలి చేరింది, లేదా గ్యాస్ కల్తీది. చవగ్గా దొరికే కొన్ని డబ్బాల్లో వంటగ్యాస్ జాతి హైడ్రోకార్బన్లు కలిపి ఉంటాయి. అవి చల్లబరచవని కాదు, అంటుకుంటాయి. క్యాబిన్‌లోని కూలింగ్ కాయిల్ లీకైతే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంజిన్ నడుస్తుండగా చూసే అంకెల సంగతి వేరు. 38–40 డిగ్రీల ఎండలో లోసైడ్ (గ్యాస్ కంప్రెసర్‌కి తిరిగొచ్చే వైపు) 35–45 పీఎస్‌ఐ, హైసైడ్ 225–275 మధ్య ఉంటే మామూలు. రెండూ బాగా తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ. లోసైడ్ 80, హైసైడ్ 130 అంటూ రెండు ముళ్లూ దగ్గరకు వస్తే కంప్రెసర్ పంప్ చేయడం లేదు. లోసైడ్ సున్నా వైపు జారిపోతూ హైసైడ్ మామూలుగానో తక్కువగానో ఉంటే గ్యాస్‌ని సన్న నోటితో కూలింగ్ కాయిల్‌లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గరో, తేమ పీల్చే డ్రయర్ దగ్గరో అడ్డుపడింది. కాసేపు పనిచేసి, ఆగి, మళ్లీ దానంతటదే పనిచేస్తే ఆ అడ్డం చెత్త కాకపోవచ్చు; లోపల చేరిన తేమ వాల్వ్ నోట్లో మంచుముక్కై కరుగుతూ గడ్డకడుతూ ఉంటుంది.

రెండూ ఎక్కువ ఉంటే, ఉదాహరణకు 60కి 350, కండెన్సర్‌కి గాలి చాలక కావచ్చు, గ్యాస్ ఎక్కువై కావచ్చు. తేల్చుకోవడానికి మగ్గుడు నీళ్లు చాలు: కండెన్సర్ మీద మెల్లగా పోస్తే హైసైడ్ ముల్లు గబగబా మామూలు స్థాయికి దిగి, వెంట్ కూడా చల్లబడితే ముందు ఫ్యాన్‌ని, కండెన్సర్ రెక్కల్లో పేరుకున్న మట్టిని చూడాలి. కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ వాడొద్దు. రెక్కలు వాలిపోతే మట్టికంటే అదే పెద్ద అడ్డమవుతుంది.

ఇక్కడొక మెలిక ఉంది. కొత్త కార్లలో చాలావాటికి క్లచ్ లేని, తన పంపింగ్‌ను తనే తగ్గించుకునే వేరియబుల్ కంప్రెసర్లు వస్తున్నాయి. పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ‘టక్’ శబ్దం వినపడదు. లోసైడ్ ఒత్తిడిని దాదాపు ఒకే చోట నిలబెట్టడం వాటి స్వభావం కాబట్టి గ్యాస్ కొంత తగ్గినా గేజ్ బయటపెట్టదు. వీటికి గేజ్ చూసి గ్యాస్ పట్టడం గుడ్డిలెక్క. ఉన్నదంతా మెషీన్‌తో బయటికి లాగి తూచి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాములు మళ్లీ తూచి ఎక్కించడమే పద్ధతి. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లకు 350 నుంచి 500 గ్రాములు, వెనక సీట్లకు రెండో కూలింగ్ కాయిల్ ఉన్న పెద్ద బండ్లకు 700 పైన కూడా ఉంటుంది. 400 గ్రాముల బండిలో 50 గ్రాముల తేడా అంటే ఎనిమిదో వంతు.

లీకు, వాక్యూమ్, మన ఊరి ఎత్తు

గ్యాస్ ఒక్కటే పోదు, వెంట కాస్త ఆయిల్‌ని కూడా తీసుకెళ్తుంది. కండెన్సర్ కింది మూలలో అరచేతి మేర దుమ్ము నల్లగా, జిడ్డుగా అతుక్కుని, చుట్టూ ఉన్న దుమ్ము మాత్రం పొడిగా రాలుతోందంటే టార్చి అక్కడే వేసి చూడాలి. ముందు బండి టైరు విసిరిన కంకర రాయి తగిలిన గుర్తు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఓరింగ్ జాయింట్లు, సర్వీస్ పోర్టు వాల్వ్, హోస్ క్రింపులు, కంప్రెసర్ షాఫ్ట్ సీలు తర్వాతి వరుస. ఎక్కడా కనపడకపోతే నైట్రోజన్ నింపి సబ్బునురగతో చూడటం, లేదా గ్యాస్‌లో మెరిసే రంగు (డై) వేసి కొన్నాళ్లు తిప్పాక యూవీ లైటుతో వెతకడం. కూలింగ్ కాయిల్ లీకైతే డై కంటికి కనపడదు. నీళ్లు కారే డ్రైన్ పైపు దగ్గర ఎలక్ట్రానిక్ డిటెక్టర్ పెట్టి చూడాలి. లీకును మూస్తుందని అమ్మే ద్రావణాల జోలికి పోకపోవడం మంచిది. అవి చిల్లునే కాదు, ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌నీ మూయగలవు.

రిపేరయ్యాక వాక్యూమ్, అంటే పంపుతో గొట్టాలను ఖాళీ చేయడం. ఈ పని అయిదు నిమిషాల్లో ముగించే షెడ్లున్నాయి. కనీసం అరగంట పంపు నడవాలి, ఆపాక ఇంకో పావుగంట ముల్లు కదలకుండా నిలవాలి. వాక్యూమ్ తీసేది గాలి కోసమే కాదు, తేమ కోసం కూడా. ఒత్తిడి బాగా పడిపోతే లోపలి నీరు మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి వచ్చేస్తుంది. మాన్యువల్స్‌లో కనిపించే 29.9 అంగుళాలు (వాక్యూమ్‌ని పాదరసం ఎత్తులో కొలుస్తారు) సముద్రమట్టం లెక్క. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ సంపూర్ణ శూన్యమైనా ముల్లు 28 అంగుళాల చుట్టుపక్కలే ఆగుతుంది. 30 చూపిస్తోందంటే ఆ గేజ్ సున్నా తప్పింది. 25 దగ్గర ఆగిపోతే “దగ్గరికొచ్చిందిలే” అని వదిలేయకూడదు. మిగిలిన ఆ మూడు అంగుళాల ఒత్తిడి దగ్గర నీరు మరగాలంటే 46 డిగ్రీలు కావాలి, లోపలి తేమ లోపలే ఉంటుంది. ఆ తేమే రేపు వాల్వ్ నోట్లో మంచవుతుంది, ఆయిల్‌తో కలిసి ఆమ్లమవుతుంది. గొట్టాలు రోజంతా తెరిచి ఉంచితే డ్రయర్ కూడా మార్చాలి.

ఆయిల్ లెక్క చాలామంది వదిలేస్తారు. కండెన్సర్ మారిస్తే 20–40 మి.లీ., కూలింగ్ కాయిల్ మారిస్తే 40–50 మి.లీ. కొత్త ఆయిల్ కలపాలి. కంప్రెసర్ మారిస్తే పాతదానిలోంచి వంచిన ఆయిల్‌ని కొలిచి దాన్ని బట్టి సరిచేయాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల కంప్రెసర్లో కరెంటు వైండింగ్ కూడా ఆయిల్‌లోనే తడుస్తుంది. వాటికి మామూలు కార్లలో వాడే పీఏజీ రకం ఆయిల్ పోస్తే ఇన్సులేషన్ లోపం వచ్చి బండే నడవనని మొరాయించవచ్చు. కంపెనీ చెప్పిన పీఓఈ రకమే వాడాలి, పాత బండి ఆయిల్ అంటిన హోస్‌లను తగిలించకూడదు కూడా.

ఆటో క్లైమేట్: సెన్సర్ అబద్ధమాడితే

24 డిగ్రీలు సెట్ చేస్తే చాలు, మిగతాది తనే చూసుకునే ఏసీలో గ్యాస్, కంప్రెసర్ బంగారంలా ఉన్నా గాలి వెచ్చగా రావచ్చు. ఆ ఏసీని నడిపే కంప్యూటర్ నమ్మేది సెన్సర్లను. బయటి ఉష్ణోగ్రత సెన్సర్ ముందు బంపర్ వెనక ఉంటుంది. చిన్న డ్యాష్ తగిలి బంపర్ విప్పి బిగించాక దాని కనెక్టర్ పెట్టడం మరచిపోతే డిస్‌ప్లేలో బయట మైనస్ 30 లాంటి అంకెలు కనిపిస్తాయి. ఇంత చలిలో ఏసీ ఎందుకనుకుని కంప్యూటర్ కంప్రెసర్‌ని వేయదు. మే నెలలో హైదరాబాద్‌లో మైనస్ కనిపించాక ఇంకా గ్యాస్ సిలిండర్ వైపు చూడటం అన్యాయం.

ఎండ సెన్సర్ డాష్‌బోర్డ్ మీద, అద్దానికి దగ్గరగా, నల్ల బొత్తాంలా ఉంటుంది. చాలా కార్లలో సరిగ్గా దాని మీదే వినాయకుడు కొలువుంటాడు, లేదా మడత పెట్టిన తువ్వాలు. ఎండ లేదనుకుని సిస్టం బ్లోయర్‌ను మందగింపజేస్తుంది. విగ్రహాన్ని ఒక జానెడు పక్కకు జరిపితే చాలు. లోపలి ఉష్ణోగ్రత సెన్సర్‌ది స్టీరింగ్ దగ్గరి సన్న జాలీ. అందులోకి గాలిని పీల్చే గొట్టం ఊడినా, దుమ్ముతో పూడినా అది డాష్‌బోర్డ్ వెనక వేడినే గది వేడనుకుంటుంది. చాలా టయోటా మోడళ్లలో ఆటో, రీసర్క్యులేషన్ బటన్లు నొక్కిపట్టి ఇగ్నిషన్ వేస్తే ప్యానెల్ స్వీయపరీక్షలోకి వెళ్లి కోడ్‌లు చూపిస్తుంది: 11 లోపలి సెన్సర్, 12 బయటిది, 21 ఎండ సెన్సర్. అపార్ట్‌మెంట్ సెల్లార్ చీకట్లో ఈ పరీక్ష చేస్తే 21 వస్తుంది. సెన్సర్ చెడి కాదు, ఎండ లేక.

ఇగ్నిషన్ వేయగానే డాష్‌బోర్డ్ లోపల కొన్ని సెకన్లు ‘టిక్ టిక్ టిక్’మని వినిపిస్తే అది బ్లెండ్ డోర్ మోటార్. చల్లగాలి, హీటర్ గాలి ఎంతెంత కలవాలో తేల్చే తలుపును తిప్పేది అదే. ప్లాస్టిక్ గేర్‌లో పళ్లు అరిగి ఒక్కో పన్ను జారుతున్న చప్పుడది. తలుపు సగంలో ఇరుక్కుంటే కాయిల్ ఇచ్చే చల్లదనంలో హీటర్ వేడి కలుస్తుంది. హీటర్‌కి వెళ్లే హోస్‌ను మెత్తటి క్లాంపుతో కాసేపు మూసి చూడాలి. వెంట్‌లో గాలి టక్కున చల్లబడితే దోషం తలుపుదే. మోటార్ మార్చాక కాలిబ్రేషన్ చేయకపోతే కొత్తదీ తప్పు చోటే ఆగుతుంది. కుడి ఎడమ వేర్వేరుగా సెట్ చేసుకునే బండిలో ఒకవైపు చల్లగా, మరోవైపు వెచ్చగా వస్తే ఈ మోటార్‌ను అనుమానించడం సహజం. కానీ గ్యాస్ తగ్గినా కూలింగ్ కాయిల్ ఒక సగమే చల్లబడి అదే లక్షణం చూపిస్తుంది, కాబట్టి ముందు తూకం, తర్వాతే మోటార్.

సెల్లార్ ఎలుకల సంగతి కూడా చెప్పుకోవాలి. క్యాబిన్ ఫిల్టర్ తీస్తే వేరుశెనగ తొక్కలు, స్పాంజి ముక్కలు కనిపించాయంటే సెన్సర్ వైర్లు కూడా ఒకసారి చూసుకోవాలి. ఎడమ సీటు ముందు కార్పెట్ తడిస్తే డ్రైన్ పైపు మూసుకుపోయింది. పులిసిన వాసనకైతే ఇంటికి చేరడానికి రెండు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్ ఒక్కటే నడపడం చాలావరకు పనిచేస్తుంది.

షెడ్డులో బండి వదిలేటప్పుడు జాబ్‌కార్డులో నాలుగు అంకెలు రాయమని అడగొచ్చు: ఎన్ని గ్రాములు బయటికి తీశారు, ఎన్ని ఎక్కించారు, ఎంత ఆయిల్ కలిపారు, చివర్లో మధ్య వెంట్‌లో ఎన్ని డిగ్రీలు వచ్చాయి. మొదటి అంకెను బిల్లు కట్టేటప్పుడు కాదు, గ్యాస్ తిరిగి ఎక్కించక ముందే అడగాలి. 450 గ్రాముల బండిలోంచి 430 బయటికి వచ్చాయంటే ఆ కారుకు గ్యాస్ జబ్బు లేదు, మెకానిక్‌ని మళ్లీ ఫ్యాన్ దగ్గరికి పిలవాలి.